టాపెట్ల చప్పుడు

బడి బస్సు ఏటవాలు రోడ్డు మధ్యలో ఆగిపోయి వెనక్కి జారిందన్న సంగతి ఊరంతా పాకడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఇంజన్ ఉన్నట్టుండి చచ్చిపోయిందని, దానితో పాటే బ్రేకుల బలం పోయిందని, డ్రైవరు స్టీరింగు తిప్పి బస్సును మట్టిగట్టుకి ఆనించకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే గుండె ఆగిపోతోందని మొదట అందరూ చెప్పుకున్నారు. సాయంత్రానికల్లా డ్రైవరు గట్టుకి ఆనించాడన్న ముక్క ఎక్కడో రాలిపోయింది. దాని చోట్లో ఇంకో ముక్క వచ్చి చేరింది. "ఆయిల్ లేకుండా తోలాడట!"

ఆ డ్రైవరు వాల్వులమ్మ మొగుడు. పిల్లలు ఎక్కుతున్నా దిగుతున్నా "మెల్లగా, మెల్లగా" అంటూ ఉంటాడు కాబట్టి వాళ్ళు అతనికి మెల్లగా మామ అని పేరు పెట్టుకున్నారు. మనిషి కూడా అంతే, గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. బస్సు గట్టుకి తగిలిన ఊపుకి ఒక పిల్లకి మణికట్టు విరిగింది. ఆ పిల్ల తండ్రి వచ్చి చొక్కా పట్టుకుని కుదిపేస్తే కూడా మెల్లగా మామ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆయిల్ లేదన్న ముక్క పుట్టించింది బయటివాడెవడో అయితే వాల్వులమ్మ వాడి ఇంటికి వెళ్ళి దులిపేసి వచ్చేది. పుట్టించింది ఆమె సొంత అన్న.

అన్నా చెల్లెళ్ళు ఇద్దరూ తండ్రి పెట్టిన ఇంజన్ షెడ్డులోనే పని చేస్తారు. ఇంజన్ దింపడం, విప్పడం, బిగించడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం అన్న పని. ఇంజన్ పైముక్క హెడ్డు, దాని మీద ఉండే వాల్వులు, వాటిని నడిపించే సరంజామా అంతా చెల్లెలి పని. చిన్నప్పటి నుంచీ ఆ బల్ల దగ్గరే పెరిగింది కాబట్టి ఆమెకి ఆ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆమే తిరిగి చూడదు. మోకాళ్ళు అరిగిపోయిన తండ్రి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, వచ్చేపోయే ఇంజన్ల చప్పుడు వింటూ కూర్చుంటాడు.

ఆ బస్సు ఇంజన్‌ని మొత్తం విప్పి కొత్తగా చేసింది ఈ షెడ్డులోనే, ఈ మధ్యనే. అందుకే బస్సు ఓనరమ్మ దాన్ని లాగించుకొచ్చి షెడ్డు ముందు పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఇదా నువ్వు చేసిన కొత్త ఇంజనూ?" అని అడిగింది. వెనకాల పిల్లల తల్లిదండ్రులు. అన్న గబగబా ఇంజన్ నెత్తిన వాల్వులని కప్పి ఉండే టాపెట్ కవర్ విప్పి పక్కన పెట్టాడు.

"చూడండమ్మా, మీ కళ్ళతోనే చూడండి. చుక్క ఆయిల్ ఉందా? రాకర్లన్నీ ఎండిపోయి, మాడి, నీలంగా తిరిగిపోయాయి. ఆయిల్ చూసుకోకుండా తోలితే దేవుడు చేసిన ఇంజనైనా ఇంతే."

అక్కడ నిజంగానే చుక్క లేదు. అందరూ తొంగిచూశారు. వాల్వులమ్మ కూడా చూసింది.

"రోజూ పొద్దున్నే ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తాను, ఆయిల్ నిండా ఉంది" అన్నాడు మెల్లగా మామ. "ఇంజన్ లోపల టాపెట్లు టకటకా కొడుతున్నాయని నీకు రెండుసార్లు తెచ్చి చూపించాను కదా బావా. కొత్త సామాను, సర్దుకుంటుంది పొమ్మన్నావు."

"ఇప్పుడుంటే ఏం, బస్సు ఆగాక పోసి ఉంటావు. ఎప్పుడు తెచ్చావ్ బావా? నాకు తెలీదే!" అన్నాడు అన్న, ముఖంలో ఒక్క గీత కదలకుండా.

ఓనరమ్మ అక్కడికక్కడే తాళాలు అడిగి తీసుకుంది.

వాల్వులమ్మ ఇంటికొచ్చాక మొగుడి మీద విరుచుకుపడింది. నోరు తక్కువ మనిషి కాదు ఆమె. "ఒక్కరోజు మర్చిపోయి ఉంటావు బావా. ఒప్పుకో, తప్పేముంది? అన్నయ్య మీదకి నెట్టేస్తే ఊరుకుంటానా? ఆ రాకర్లు నా కళ్ళతో చూశాను!" అంది. అతను "చూశావుగా, ఇంకేం మరి" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తరవాత వీధిలోకి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో ఉన్న ప్రతి తలుపు బందుకీ గ్రీజు పెట్టాడు, కారని కుళాయిలు కూడా విప్పి బిగించాడు. మాట మాత్రం అవసరమైతేనే. అతను అలా నోరు కట్టేసుకున్న కొద్దీ ఆమెకి ఒళ్ళు మండిపోయేది. తిడితే తిరిగి తిట్టే మనిషైతే ఒక దారి. గోడతో ఎంతసేపని పోట్లాడుతుంది?

బస్సు షెడ్డు వెనక పడి ఉంది. అన్న దాని జోలికి పోవడంలేదు. ఓనరమ్మ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. చివరికి ఒకరోజు అన్న, సామాను కొనడానికి పక్క ఊరు బయల్దేరుతూ, చెల్లెలి బల్ల దగ్గర ఆగాడు.

"ఆ బస్సుది పైన రాకర్లు, షాఫ్టు మార్చి కవర్ వేసెయ్. కింద చెయ్యి పెట్టకు."

"అదేంటి? ఆయిల్ లేకుండా తిరిగిన ఇంజన్ కింద బేరింగులు చూడకుండా ఎలా ఇస్తాం?"

"చెప్పింది చెయ్యవే! ప్రతిదానికీ నీకు సంజాయిషీ చెప్పుకోవాలా?"

అన్నాడు, బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ముప్పయ్యేళ్ళుగా ఈ బల్ల దగ్గర నిలబడిన మనిషిని "చెప్పింది చెయ్యవే" అంటాడా! పళ్ళు పటపట కొరుకుతూ స్పానర్లు తీసుకుని బస్సెక్కింది. కింద చెయ్యి పెట్టొద్దన్నాడు కాబట్టి, అడుగు దాకా విప్పాలని అప్పుడే తీర్మానించుకుంది.

ముందు పైనుంచి మొదలుపెట్టింది. రాకర్లంటే చిన్న ఇనుప చేతులు. కింద గుబ్బలతో తిరిగే క్యామ్ ఒక కడ్డీని పైకి తోస్తే, ఆ కడ్డీ రాకర్ ఒక చివరని లేపుతుంది, రెండో చివర దిగి వాల్వుని నొక్కుతుంది. ఇవన్నీ ఒక షాఫ్టు మీద ఊయల్లా ఊగుతుంటాయి. ఊగాలంటే ఆయిల్ అందాలి. ఇక్కడ షాఫ్టు మీద గోరు పెడితే గోరు దిగేంత లోతు గాట్లు పడ్డాయి. రాకర్ల మూతులు అరిగి గిన్నెలయ్యాయి. వాల్వుల తలలు సుత్తితో బాదిన మేకుల్లా చుట్టూ విచ్చుకున్నాయి. రెండు రాకర్లు షాఫ్టుకి కరుచుకుపోయి కదలడంలేదు. వాటి కింద కడ్డీలు రెండూ వంగిపోయాయి. ఆ ఏటవాలు మీద ఇంజన్ ఎందుకు చచ్చిందో ఆ వంకర్లే చెబుతున్నాయి.

"ఇంత నాశనం చేసి కూడా ఒక్క మాట ఒప్పుకోవేం రా మనిషీ" అని ఇంట్లో ఉన్న మొగుడిని అక్కడి నుంచే తిట్టింది.

అప్పుడే ఆమె చూపు రాకర్ల వెనక మరల మీద పడింది. రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు సరిచెయ్యడానికి ప్రతి రాకర్ వెనక ఒక మర, దాని మీద ఒక నట్టు ఉంటాయి. ఇంజన్ కొత్తగా చేసినప్పుడు ఆ సందులు పెట్టింది తనే. అప్పుడు మరలన్నీ సగం పైకి ఉన్నాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ అడుగంటా దిగిపోయి, ఇంక తిప్పడానికి చోటు లేకుండా ఉంది.

మర దానంతటది దిగదు. రాకర్ అరిగి సందు పెరిగి చప్పుడు చేస్తుంటే, ఎవరో కవర్ తీసి, అరిగినంత మేరా మర దింపి చప్పుడు నొక్కేశారు. మళ్ళీ అరిగితే మళ్ళీ దింపారు.

ఆమె నట్లని గుడ్డతో తుడిచి చూసింది. నట్ల మూలలు కొరికేసినట్టున్నాయి. రింగు స్పానర్ చేతికి అందకపోతే ప్లయర్‌తో పట్టి తిప్పేసే పాడు అలవాటు ఈ షెడ్డులో ఒక్కడికే ఉంది. ఆ అలవాటు కోసం తండ్రి చేత చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడూ వాడొక్కడే.

అంటే బస్సు చప్పుడు చేస్తోందని బావ తెచ్చింది నిజం. ఒకసారి కాదు, రెండుసార్లు తెచ్చింది నిజం. తెలీదని అందరి ముందూ చెప్పింది అబద్ధం.

కోపం అరికాలి నుంచి మొదలై నెత్తికెక్కింది. కానీ అప్పటికీ ఆమె మనసులో ఒక ముల్లు మిగిలే ఉంది. చప్పుడు సంగతి సరే, పైన ఎండిపోవడం మాత్రం కళ్ళారా చూసిందే కదా. ఆయిల్ ఏమైంది?

బస్సు కిందకి దూరింది. ఆయిల్ వంపేసి, అది నిలిచే చాంబర్ దింపింది. నిజంగా ఆయిల్ లేకుండా తోలి ఉంటే మొట్టమొదట చచ్చేవి కింద ఉండే పెద్ద బేరింగులు. రాకర్ల దాకా కూడా రానివ్వవు. బేరింగ్‌ని పట్టి ఉంచే టోపీ ఒకటి విప్పి, బేరింగ్ చేతిలోకి తీసుకుంది. బూడిదరంగులో, నున్నగా, ఒక్క గీత లేకుండా, తను డబ్బాలోంచి తీసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది. ఇంకోటి విప్పింది. అదీ అంతే. క్యామ్ గుబ్బల మీద వేలు నడిపింది. అద్దంలా జారింది. గుబ్బలని తాకే టాపెట్ల అడుగులు కూడా మెరుస్తున్నాయి.

కింద అంతా బాగుంది. పైన అంతా చచ్చింది. కింద ఉన్న ఆయిల్ పైకి వెళ్ళలేదు. కిందకీ పైకీ మధ్య ఉన్నది ఒక్కటే.

హెడ్డు బోల్టులు విప్పేసరికి చెమటకి కళ్ళు మండాయి. చైన్ తగిలించి హెడ్డు లేపింది. దాని కింద పలచటి రేకు, గ్యాస్కెట్, ఇంజన్ని అంటుకుని ఉంది. అంచు పట్టుకుని జాగ్రత్తగా ఊడదీసి వెనక్కి తిప్పింది. 'ఈ వైపు పైకి' అని అచ్చు గుద్దిన అక్షరాలు ఇంజన్ వైపు, కిందకి, బోర్లా పడుకుని ఉన్నాయి.

ఆ గ్యాస్కెట్ ఎటు తిప్పి పెట్టినా బోల్టులు దూరతాయి, సిలిండర్లు సరిపోతాయి. ఒక్క ఆయిల్ రంధ్రమే కలవదు. కింద నుంచి ఆయిల్ తోసుకొచ్చే చోట, రేకు మీద, రూపాయి బిళ్ళ కన్నా చిన్నగా నల్లటి గుండ్రటి మచ్చ ఉంది. ఇన్నాళ్ళూ ఆయిల్ అక్కడిదాకా వచ్చి, దారి దొరక్క, మూసిన తలుపుని తోస్తూనే ఉంది. బిగించేటప్పుడు తను చేత్తో రాసిన ఆయిల్, కింద నుంచి ఎగిరిన తుంపర రాకర్లని కొన్నాళ్ళు ఈడ్చుకొచ్చాయి. అంతే.

ఇంజన్ కొత్తగా చేసినప్పుడు హెడ్డు ఎక్కించింది అన్న. ఆమెకి జ్వరం. మర్నాడు వచ్చి సందులు పెట్టి, "కవర్ తీసి ఒకసారి స్టార్ట్ చేసి ఆయిల్ పైకి వస్తోందో లేదో చూడు" అని ఇంటికి పోయింది. తరవాత అడిగితే "చూశాలే" అన్నాడు.

చూడలేదు. గ్యాస్కెట్ తప్పుగా పెట్టాడు, తెలుసుకున్నాడు, కప్పెట్టాడు. పిల్లలు ఎక్కే బస్సని తెలిసి కూడా. చివరికి బావ నెత్తిన రుద్దాడు.

ఆమె ఆ విడి భాగాలన్నీ బల్ల మీద పరిచింది. అరిగినవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క, మధ్యలో గ్యాస్కెట్. ఓనరమ్మకి ఫోన్ చేసి, "ఉన్నపళంగా రండమ్మా" అని మాత్రం చెప్పింది.

ఓనరమ్మ కన్నా ముందు అన్న వచ్చాడు. బల్ల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కింద చెయ్యి పెట్టొద్దన్నానా?"

"పెట్టాను. ఏం చేస్తావ్?" అంది వాల్వులమ్మ. "బేరింగులు చూస్తావా? కొత్తపెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. ఆయిల్ లేకుండా తోలాడన్నావే, ఏదీ, చూపించు!"

"మెల్లగా మాట్లాడు. వీధిలోకి వినపడుతోంది."

"వినపడనీ! మా ఆయన్ని దొంగని చేసినప్పుడు వీధిలోకి వినపడలేదా? ఈ నట్లు ఎవడు కొరికాడు అన్నయ్యా? ఎలకలు కొరికాయా?"

అన్న గొంతు తగ్గించాడు. "చూడు, గ్యాస్కెట్ తిరగబడింది. మనిషన్నాక పొరపాటు రాదా? పిల్లకి చెయ్యి విరిగాక అది నా పొరపాటని చెప్తే ఈ షెడ్డుకి ఇంకెవడైనా బండి తెస్తాడా? నువ్వూ ఇందులోనే తింటున్నావు. బావకేం, డ్రైవరు, రేపు ఇంకో బండి దొరుకుతుంది."

"పొరపాటుకి నేను నిన్ను ఏమీ అననురా!" అరిచింది ఆమె. పుట్టి బుద్ధెరిగాక అన్నని రా అనడం అదే మొదలు. "చప్పుడు విని కవర్ తీసినప్పుడే తెలిసింది కదా నీకు! ఆ పూట బస్సు ఆపేసి ఉంటే ఏమయ్యేది? రెండోసారి తెచ్చినప్పుడైనా ఆపావా? మర దింపి, చప్పుడు నొక్కి, పిల్లల్ని ఎక్కించి పంపావు. అది పొరపాటా?"

కుర్చీలోంచి తండ్రి కల్పించుకున్నాడు. "అమ్మాయ్, ఇంటి సంగతి. నలుగురిలో పెట్టకు. అల్లుడికి నేను నచ్చజెప్తాను."

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆయన మాటకి ఎదురు చెప్పలేదు. "అల్లుడి పరువు పోయినప్పుడు అది ఇంటి సంగతి కాలేదేం నాన్నా? అప్పుడు కుర్చీలోనే ఉన్నారుగా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ సందులో అన్న చటుక్కున బల్ల మీది గ్యాస్కెట్ లాక్కున్నాడు. రెండు చేతులతో మడిచెయ్యబోయాడు. ఆమె అందుకుంది. పెద్ద వయసు వచ్చిన అన్నా చెల్లెలూ షెడ్డు మధ్యలో ఒక రేకు కోసం చిన్నపిల్లల్లా గుంజుకున్నారు. రేకు అంచు ఆమె అరచేతిని చీల్చింది. నెత్తురు బొటబొటా కారుతున్నా ఆమె పట్టు సడలించలేదు.

"వదలరా" అన్నాడు తండ్రి. అన్న వినలేదు. "దాని చెయ్యి తెగింది, కనపడటం లేదా? వదలరా వెధవా!"

అన్న వదిలేశాడు. అదే సమయానికి ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

వాల్వులమ్మ చేతికి గుడ్డ చుట్టుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చూపించింది. మరలు, నట్లు, బేరింగులు, మచ్చ. ఓనరమ్మకి బస్సుల గురించి తెలియనిది తక్కువ. రెండు ప్రశ్నలు అడిగి, గ్యాస్కెట్ వెలుతుర్లోకి ఎత్తి ఆ అక్షరాలు చదివింది. ముఖం జేవురించింది.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు అన్న, చేతులు నలుపుకుంటూ.

"నాకెందుకు చెప్తావ్?" అంది ఆవిడ. "చెయ్యి విరిగిన పిల్ల ఇంటికి వెళ్ళి చెప్పు. మీ బావ ఇంటికి వెళ్ళి చెప్పు. నోటికి వచ్చినట్టు అన్నాను నేను కూడా, నేనూ వెళ్తాను. కానీ ముందు నువ్వు వెళ్ళు." తరవాత వాల్వులమ్మ వైపు తిరిగి, "ఈ ఇంజన్ నువ్వే బిగించు. ఇక్కడ కాదు, మా బస్సుల షెడ్డులో. ఇతని చెయ్యి దీని మీద పడటానికి వీల్లేదు" అంది.

వాల్వులమ్మ ఇంటికి దాదాపు పరిగెత్తింది. దారి పొడుగునా మొగుడికి ఎలా చెప్పాలో మాటలు పేర్చుకుంది. అతని ముఖం ఎలా వెలిగిపోతుందో ముందే చూసేసింది. అతను వరండాలో కూర్చుని పాత ఫ్యాను విప్పుతున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ, అన్నని బండబూతులు తిడుతూ.

అతను అంతా విన్నాడు. ఫ్యాను రెక్క కింద పెట్టాడు.

"అయితే ఇప్పుడు నమ్మావన్నమాట."

"అదేంటి బావా, నీ తప్పు లేదని అందరికీ…"

"అందరి సంగతి వదిలెయ్!" ఆ అరుపుకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఆ ఇంట్లో ఆ గొంతు అంత పైకి లేవడం ఎవరికీ తెలియదు. "ఓనరమ్మ నమ్మకపోతే నాకేం? ఆ పిల్ల తండ్రి నా చొక్కా చింపితే నాకేం? ఆయన కూతురికి దెబ్బ తగిలింది, ఆయన కోపం ఆయనది. నువ్వు! రోజూ పొద్దున్నే పుల్ల తీసి చూస్తానంటే నమ్మలేదు. చప్పుడు చేస్తోందని తీసుకెళ్ళానంటే నమ్మలేదు. నేను చెప్తే నమ్మలేదు, ఇనప ముక్క చెప్తే నమ్మావు! ఆ గ్యాస్కెట్ సరిగ్గానే ఉండుంటే? చచ్చేదాకా నన్ను ఆ చూపే చూసేదానివి కదూ?"

అన్న ముందు, తండ్రి ముందు అంత నోరేసుకుని పడిన మనిషి, అక్కడ దోషిలా నిలబడిపోయింది. అతను ఇంకా అరిచాడు. పెళ్ళయిన కొత్తలో మాటలు, ఆమె ప్రతిదానికీ "మా అన్నయ్య" అంటూ లేవడం, తను నోరు మూసుకున్న ప్రతి పూటా లెక్కేసి మరీ అరిచాడు. ఆమె తలుపుకి ఆనుకుని ఆ మాటలన్నీ పడింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కట్టు కట్టని చేత్తో తుడుచుకుంది కానీ, ఆపమని అనలేదు.

మర్నాడు అన్న వచ్చాడు. గుమ్మం ఎక్కబోతుంటే మెల్లగా మామ అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కడే ఉండు బావా. వీధిలో నిలబడి చెప్పు. నన్ను అన్నదీ వీధిలోనే కదా."

అన్న అటూ ఇటూ చూశాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. గుమ్మం కింద నిలబడే చెప్పాడు. "గ్యాస్కెట్ నేనే తిప్పి పెట్టాను. బస్సు చప్పుడు చేస్తోందని బావ తెచ్చాడు. నేనే దాచాను."

"విన్నాను" అన్నాడు మెల్లగా మామ. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. అన్న వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

వాల్వులమ్మ తన బల్లనీ, తన పనిముట్లనీ బస్సుల షెడ్డుకి తోలించుకుపోయింది. తండ్రి కుర్చీలోంచి చూస్తూ ఊరుకున్నాడు. ఇంజన్ అక్కడే బిగించింది, మెల్లగా మామ మళ్ళీ ఆ బస్సే తోలుతున్నాడు. ఇంట్లో ఇప్పుడు మాటలున్నాయి. ఎక్కువగా పోట్లాటలే. కూర చల్లారిందని అతను విసుక్కుంటే, వేడి చేసుకోడానికి చేతుల్లేవా అని ఆమె ఎగురుతుంది, అతనూ ఊరుకోడు. నువ్వొకటంటే నేను రెండంటాను అన్నట్టు సాగుతుంది. అన్నతో మాత్రం ఆమెకి మాటల్లేవు. దారిలో ఎదురైతే ముఖం తిప్పుకోదు సరికదా, కళ్ళలోకి సూటిగా చూస్తూ దాటిపోతుంది. పక్కకి తప్పుకునేది అతనే.